మెడలో ముంత నుంచి కళ్ళె డబ్బీ దాకా: టి.బి.కి నెత్తురు పరీక్ష చేయించుకోవాలా?

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గదు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది. తిండి సయించదు, మనిషి చిక్కిపోతుంటాడు. వాడలో ఎవరికైనా ఇట్లా అయితే ముందు పోయేది ఆర్‌.ఎం.పి. దగ్గరికే. రెండు సూదులు, ఒక సీసా సిరప్పు అయినాక అతను ఒక చీటీ రాసిస్తాడు. పట్నం పోయి నెత్తురు పరీక్ష చేయించుకో, టి.బి. ఉందో లేదో తేలిపోతుంది అంటాడు. ఇక ఇంట్లో చర్చ మొదలవుతుంది. చేయించుకోవాలా, వద్దా? ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ, ల్యాబు ఫీజు ఎవరి దగ్గర చేబదులు తేవాలి? ఉందని తేలితే ఆడపిల్లకు సంబంధం వస్తుందా? లేదని తేలితే మరి ఈ దగ్గు ఏమిటి?

చూడ్డానికి ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్నలాగే ఉంటుంది. కానీ ఆ చీటీ మీద ఏం రాయాలన్నది చాలా కాలంగా వేరేవాళ్ళు తేలుస్తూ వచ్చారు. ఇందులో పరిశోధనశాలలున్నాయి, సర్కారు ప్రణాళికలున్నాయి, కిట్లు అమ్మిన కంపెనీలున్నాయి. వీటన్నిటి వెనక, వైద్యశాస్త్ర చరిత్రలు రాసేవాళ్ళు పేరెత్తని కులం ఉంది. ఊపిరితిత్తుల టి.బి.ని పట్టిచ్చేది నెత్తురు కాదు, కళ్ళె. తెమడ అనండి, గళ్ళ అనండి, ఏ పేరుతో పిలిచినా ఈ దేశంలో దాన్ని అసహ్యంగా చూశారు. అంటరానివాడి ఉమ్మినయితే మరీ. ఆ అసహ్యానికీ, ఏమీ తేల్చని నెత్తురు పరీక్ష ఇన్నేళ్ళు అమ్ముడుపోవడానికీ సంబంధం ఉందన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

1. రాజుల రోగమా, వాడ రోగమా?

సంస్కృత వైద్యగ్రంథాలు ఈ జబ్బుకు రాజయక్ష్మ అని పేరు పెట్టాయి. చంద్రుడికి చాలామంది భార్యలనీ, అతను రోహిణి ఒక్కదాని మీదే మక్కువ చూపాడనీ, మామ దక్షుడు కోపగిస్తే క్షీణించిపోయాడనీ కథ. చరక సంహిత కూడా ఈ కథ చెబుతుంది. నక్షత్రాల రాజుకు మొదట వచ్చింది కాబట్టి అది రాజుల రోగమైంది. క్షయ అనే మాటను మనం ఈనాటికీ వాడుతున్నాం. భోగం ఎక్కువై వచ్చే రోగమని శాస్త్రం చెప్పింది గదా, మరి ఏ భోగమూ ఎరగని మాలపల్లెకు, మాదిగగూడేనికి అది ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్నకు శాస్త్రంలో జవాబు లేదు. ఎందుకంటే శాస్త్రం రాసినవాళ్ళు వాడలోకి రాలేదు.

జబ్బు మాత్రం వచ్చింది. గాలి ఆడని ఒంటి గదిలో ఆరుగురు పడుకునే చోటికి వచ్చింది. రాళ్ళు కొట్టే క్వారీలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడ్డ కూలికి వచ్చింది. రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఉన్నవాడికి టి.బి. ముప్పు చాలా ఎక్కువని వైద్యం ఎప్పుడో ఒప్పుకుంది. అన్నిటికంటే ముందు, చాలీచాలని తిండి తినే ఒంటికి వచ్చింది. ఇది పట్నపు జబ్బు, మిల్లుల జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. 1955-58 మధ్య దేశమంతటా చేసిన సర్వేలో పల్లెల్లో కూడా పట్నాల్లో ఉన్నంత టి.బి. ఉందని తేలింది. ఊరి వైద్యుడు చూడని వాడను మొదటిసారి ఎక్స్‌రే యంత్రం చూసింది.

2. కళ్ళెలో కనిపించింది, నెత్తురులో కనిపించనిది

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించాడు. ఆ ఏడూ, మరుసటేడూ ఎర్లిక్, జీల్, నీల్సన్ రంగు వేసే పద్ధతిని బాగుచేశారు. గాజుపలక మీద కళ్ళెను పూసి, కాచి, ఎర్ర రంగు వేసి, యాసిడ్‌తో కడిగితే మిగతావన్నీ రంగు వదులుతాయి, టి.బి. పురుగు మాత్రం వదలదు. మైక్రోస్కోపులో ఎర్రటి సన్నటి పుల్లల్లా కనపడుతుంది. ఈ పరీక్షకు పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. మైక్రోస్కోపు, రంగులు, చూడ్డం నేర్చిన మనిషి ఉంటే చాలు. నూట నలభై ఏళ్ళు దాటినా ఈ పద్ధతి ఇంకా వాడుకలో ఉంది.

నెత్తురులో టి.బి.ని వెతకడం కూడా పాత పనే. 1898లోనే ఫ్రాన్సులో ఆర్లోయింగ్ ఈ ప్రయత్నం చేశాడు. పురుగు ఒంట్లోకి వచ్చినప్పుడు దానితో పోరాడ్డానికి నెత్తురులో యాంటీబాడీలు పుడతాయి. వాటిని పట్టుకుంటే జబ్బును పట్టుకున్నట్టే అని ఆశ. కొన్ని జబ్బుల్లో ఈ ఆశ నిజమైంది. టి.బి.లో కాలేదు. నూరేళ్ళకు పైగా వెతికినా కాలేదు.

ఎందుకు కాలేదో వాడ మనిషికి తేలికగా అర్థమయ్యే పోలిక ఒకటుంది. 1871లో ఇంగ్లీషు సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఎరుకల వంటి కులాల మనుషుల పేర్లు రిజిస్టర్లో ఎక్కాయి. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం నీడలోనే లేచాయి. ఆ రిజిస్టర్లో పేరుందంటే వాడు దొంగతనం చేశాడని కాదు, చెయ్యలేదనీ కాదు. అయినా పేరున్న ప్రతివాడూ అనుమానితుడే. ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది. టి.బి.కి యాంటీబాడీల పరీక్ష ఆ రిజిస్టరు లాంటిదే. ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న పురుగుకూ, ఇవాళ ఊపిరితిత్తిని తింటున్న పురుగుకూ తేడా చెప్పలేదు. ఒంట్లో ఉండే వేరే సూక్ష్మజీవులను చూసి కూడా పొరపడుతుంది. నిజంగా జబ్బుపడి నీరసించిన మనిషిలో, ముఖ్యంగా హెచ్‌.ఐ.వి. ఉన్నవాళ్ళలో, యాంటీబాడీలు సరిగ్గా పుట్టకపోతే లేదని చెబుతుంది.

మన దేశంలో ఈ తేడా ఎంత ముఖ్యమో 2019-21లో జరిగిన జాతీయ సర్వే చూపించింది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో సుమారు 31 శాతం మందికి టి.బి. పురుగు సోకి ఉంది. ఊపిరితిత్తుల టి.బి. జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం లక్షకు 316 మంది. అంటే నూటికి ముప్పైమంది పైన ఒంట్లో పురుగును మోస్తుంటే, జబ్బుపడ్డవాళ్ళు వెయ్యికి ముగ్గురు. ఆ ముగ్గురినీ విడదీసి చూపలేని పరీక్ష ఎవరికి పనికొస్తుంది?

3. వచ్చినవాళ్ళను తిప్పిపంపిన చరిత్ర

మందులు లేని రోజుల్లో టి.బి.కి వైద్యమంటే గాలి, విశ్రాంతి, మంచి తిండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీలు శానిటోరియం తెరిచారు. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. దక్షిణాదిలో టి.బి. వైద్యానికి అది పెద్ద పేరు. కానీ నెలల తరబడి పని మానుకుని మంచం మీద పడుకోవడం రోజుకూలికి కుదిరే పనేనా? పోనీ కుదిరిందే అనుకుందాం, మంచాలు ఎన్ని? 1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో టి.బి. రోగులు 25 లక్షల మంది, ఏటా చనిపోయేవాళ్ళు 5 లక్షల మంది. మంచాలు మాత్రం దాదాపు 6 వేలు.

స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ వచ్చినాక కూడా ఒక అనుమానం మిగిలింది. ఇరుకు ఇళ్ళలో, అరకొర తిండితో ఉండే పేదలకు ఇంటి దగ్గర మందులిస్తే నయమవుతుందా? వాళ్ళు సరిగ్గా మింగుతారా? ఇంట్లోవాళ్ళకు అంటించరా? ఈ ప్రశ్నలో వైద్యం ఎంతుందో, పేదవాడి మీద నమ్మకం లేకపోవడం అంతుంది. 1956లో మద్రాసులో టి.బి. కీమోథెరపీ సెంటర్ పెట్టి దీన్ని తేల్చారు. మద్రాసు పేటల్లోని 193 మంది పేద రోగులను రెండుగా చేసి, సగంమందిని శానిటోరియంలో ఉంచారు, సగంమందికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇంటి దగ్గర తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, రద్దీ ఎక్కువ. అయినా రెండు చోట్లా ఫలితం దాదాపు ఒకటే అని 1959లో ప్రకటించారు. ఇంట్లోవాళ్ళకు అదనంగా అంటుకోలేదని కూడా తేలింది. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడడానికి ఆ పేటల మనుషుల ఒళ్ళు సాక్ష్యం చెప్పింది. వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

రెండో సాక్ష్యం తుమకూరు జిల్లాది. 1959లో బెంగుళూరులో నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. అక్కడ పనిచేసిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో టి.బి. ఉన్నవాళ్ళను కలిసి, జబ్బు లక్షణాలు వచ్చినాక ఏం చేశారని అడిగారు. 1963లో అచ్చయిన ఈ అధ్యయనం పెద్దవాళ్ళ నమ్మకాన్ని తలకిందులు చేసింది. పల్లెటూరి జనానికి జ్ఞానం లేదు, జబ్బును పట్టించుకోరు, మూఢనమ్మకాలతో కూర్చుంటారు అని అంతవరకూ చెప్పేవారు. తీరా చూస్తే సగంమందికి పైగా తమంతట తామే వైద్యం కోసం కదిలారు, సర్కారు దవాఖానకు కూడా పోయారు. అక్కడ వాళ్ళకు దొరికింది దగ్గుమందు సీసా. కళ్ళె పరీక్ష ఎవరూ చెయ్యలేదు.

అంటే తప్పు జనం తెలివిలో లేదు, జనాన్ని చూసిన తీరులో ఉంది. ఈ పాఠంతోనే 1962 నాటి జాతీయ టి.బి. కార్యక్రమం రూపుదిద్దుకుంది. దగ్గుతో వచ్చిన ప్రతి మనిషికీ దగ్గర్లోని ఆరోగ్యకేంద్రంలోనే కళ్ళె పరీక్ష చెయ్యాలన్నది దాని గుండెకాయ. కాగితం మీద బాగుంది. కేంద్రాల్లో మైక్రోస్కోపుంటే మనిషి లేడు, మనిషుంటే రంగులు లేవు, రెండూ ఉంటే మందులు లేవు. ఇట్లా ముప్పై ఏళ్ళు గడిచాయి. 1993లో కార్యక్రమాన్ని సవరించి ప్రయోగంగా మొదలుపెట్టి, 1997 నుంచి విస్తరించారు. దేశమంతా చేరేసరికి 2006 వచ్చింది. ఈలోపల వాడ మనిషి దగ్గడం ఆపలేదు. సర్కారు ఖాళీగా ఉంచిన చోట బజారు దుకాణం తెరిచింది.

4. నెత్తురు బజారు

1990ల తర్వాత ప్రతి చిన్న పట్నంలో ప్రైవేటు ల్యాబులు వెలిశాయి. చెయ్యి చాపితే సూది గుచ్చుతారు, సాయంత్రానికల్లా కాయితం ఇస్తారు. కాయితం మీద అంకెలుంటాయి. అంకెలున్నవి నిజమని మనకు బడిలో నేర్పారు గదా!

ఆ అంకెల విలువ ఎంత? 2011 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 90కి పైగా అధ్యయనాలను చూసి తీర్పు చెప్పింది. జబ్బున్నవాళ్ళను పట్టుకోవడంలో ఈ కిట్ల సత్తా ఒక అధ్యయనంలో సున్నా, ఇంకో అధ్యయనంలో నూటికి నూరు. జబ్బు లేనివాళ్ళను లేరని చెప్పడంలో 31 శాతం నుంచి 100 శాతం దాకా. అంటే బొమ్మా బొరుసూ వేసుకున్నా ఒకటే. ఫలానా టి.బి. పరీక్షను వాడొద్దని ఆ సంస్థ అంత నిక్కచ్చిగా చెప్పడం అదే మొదటిసారి. ఈ కిట్లలో ఎక్కువ భాగం యూరప్‌లో, ఉత్తర అమెరికాలో తయారయ్యేవి. గుర్తింపు పొందిన ఏ నియంత్రణ సంస్థా వాటిని ఆమోదించలేదని కూడా ఆ సంస్థే చెప్పింది. తెల్లవాళ్ళ ఊళ్ళో చెల్లని సరుకు మన వాడలో చెల్లింది.

ఒక్క మన దేశంలోనే ఏటా 15 లక్షల దాకా ఈ పరీక్షలు జరిగేవనీ, వాటి ఖర్చు ఏటా కోటిన్నర డాలర్ల దాకా ఉండేదనీ పరిశోధకులు అంచనా వేశారు. సర్కారు కార్యక్రమం ఈ పరీక్షను ఎన్నడూ వాడలేదు. కాబట్టి ఆ డబ్బంతా రోగుల జేబుల్లోంచి పోయిందే. 2012 జూన్‌లో భారత ప్రభుత్వం టి.బి.కి యాంటీబాడీ పరీక్షల కిట్ల దిగుమతిని, తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించింది.

పోయింది డబ్బే అయితే ఎట్లాగో పూడ్చుకునేవాళ్ళం. లేని జబ్బు ఉందని కాయితం చెబితే ఆ మనిషి నెలల తరబడి కాలేయాన్ని దెబ్బతీయగల మందులు మింగాలి, పక్కింటి చూపులు భరించాలి. ఉన్న జబ్బు లేదని చెబితే? బెంగుళూరు చుట్టుపక్కల పల్లెల్లో 1961-68 మధ్య టి.బి. ఇన్‌స్టిట్యూట్ చేసిన అధ్యయనం ఉంది. కళ్ళెలో పురుగున్న రోగుల్లో ఐదేళ్ళలో దాదాపు సగంమంది చనిపోయారు. ల్యాబు కాయితం 'లేదు' అని రాసింది ఇట్లాంటి మనుషుల ఇళ్ళకు కూడా.

5. ఉమ్మి ఎవరిది, అసహ్యం ఎవరిది?

ఇంత పనికిమాలిన పరీక్ష ఇన్నేళ్ళు ఎట్లా నడిచింది? లాభం కోసం, చీటీ రాసినవాళ్ళకు ముట్టే వాటా కోసం, అదుపు చేసే చట్టం లేక అని ఈ విషయాన్ని తవ్విన పరిశోధకులు 2012లో చెప్పారు. నిజమే. కానీ అది సగం జవాబు. లాభం అన్ని పరీక్షల్లోనూ ఉంది. చౌకైన, నిజం చెప్పే కళ్ళె పరీక్షను పక్కకు నెట్టి నెత్తురు ఎందుకు గెలిచింది?

అంబేద్కర్ 1936లో కులనిర్మూలన రాస్తూ పీష్వాల పూనాను గుర్తుచేశాడు. అక్కడ అంటరానివాడు తన అడుగుజాడల్ని తుడుచుకుంటూ పోవడానికి నడుముకు చీపురు కట్టుకోవాలి. ఉమ్మి నేల మీద పడితే తొక్కిన సవర్ణుడు మైలపడతాడు కాబట్టి మెడలో మట్టి ముంత వేలాడదీసుకోవాలి. మూతికి ముంత అన్న మాట మన దగ్గర సామెతలాగా మిగిలిపోయింది. లోకంలో ఇంకెక్కడా మనిషి ఉమ్మి మీద ఇంత ఆలోచన చెయ్యలేదేమో. ఆ ఆలోచన రోగం అంటుతుందని భయపడి చేసింది కాదు. కాక్ పుట్టకముందే, సూక్ష్మజీవి సంగతి తెలియకముందే అంటరానివాడి ఉమ్మి విషమైపోయింది. అదే ఊళ్ళో దొరవారు తాంబూలం నమిలి ఉమ్మితే తమ్మపడిగ పట్టుకోవడానికి నౌకరుండేవాడు.

ఈ చరిత్ర ఉన్న దేశంలోకి కళ్ళె పరీక్ష వచ్చింది. పొద్దున లేవగానే గుండెల్లోంచి దగ్గి, తీగలు సాగే కళ్ళెను డబ్బీలో ఉమ్మి తెచ్చివ్వాలి. ఎవరో దాన్ని చేత్తో పట్టుకోవాలి, మూత తియ్యాలి, పుల్లతో గాజుపలక మీద పూయాలి. దవాఖానల్లో ఉమ్మిగిన్నెలు కడిగే పని ఎవరి మీద పడిందో వేరే చెప్పక్కర్లేదు, ఊడ్చే పని ఎవరిదో అదీ వాళ్ళదే. శుభ్రమైన ప్రైవేటు క్లినిక్కులో, బల్లల మీద వరసగా కూర్చున్న పేషెంట్ల మధ్య కళ్ళె డబ్బీకి చోటు లేదు. నెత్తురుకు ఆ బాధ లేదు. అది గొట్టంలోకి పోతుంది, ఎవరూ ముక్కు మూసుకోరు. 'రక్తసంబంధం', 'రక్తశుద్ధి' అంటూ కులం మొదటినుంచీ నెత్తురుకు పెద్దపీట వేసింది. ఉమ్మికి ముంత వేసింది. వైద్యం కూడా ఆ దారినే పోయింది.

ఇది పైకులాల డాక్టర్లకే పరిమితమైన జబ్బు కాదు, మనకూ అంటింది. కళ్ళె తెమ్మంటే మనవాళ్ళు కూడా సిగ్గుపడతారు. ఆడవాళ్ళయితే మరీ. నలుగురిలో కాండ్రించి ఉమ్మడం ఆడదానికి తగదని పెంచారు, కాబట్టి వాళ్ళు నోట్లో ఊరిన ఉమ్మినీళ్ళు తెచ్చిస్తారు. అందులో పురుగు కనపడదు. పరీక్ష 'లేదు' అంటుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో చేసిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. కొందరు ఆడవాళ్ళకు ముందుగా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. లోపలికి గట్టిగా గాలి పీల్చాలి, గుండె లోతునుంచి దగ్గాలి, ఉమ్మినీళ్ళు కాదు కళ్ళె కావాలి అని. చెప్పని వాళ్ళలో నూటికి 8 మందికి పురుగు కనపడితే, చెప్పిన వాళ్ళలో 13 మందికి కనపడింది. కొత్త యంత్రం రాలేదు, కొత్త మందు రాలేదు. మనిషి మనిషితో మర్యాదగా మాట్లాడితే జబ్బు దొరికింది. ముంత చరిత్రకు ఇంతకంటే సూటి జవాబు నాకు కనపడలేదు.

6. మరి ఇవాళ చీటీ చేతికొస్తే?

నిషేధం వచ్చి చాలా ఏళ్ళయింది, చీటీలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఎక్కువగా రాసేది క్వాంటిఫెరాన్ గోల్డ్, బజారు భాషలో 'టి.బి. గోల్డ్'. ఇది యాంటీబాడీల పరీక్ష కాదు, నిషేధంలో లేదు. నెత్తురులోని కణాలకు టి.బి. పురుగుతో పరిచయం ఉందో లేదో చూస్తుంది. పరిచయం ఉందంటే పురుగు సోకిందని అర్థం, జబ్బు ఉందని కాదు. పైన చెప్పిన 31 శాతం లెక్క ఇట్లాంటి పరీక్షతో వచ్చిందే. జబ్బును నిర్ధారించడానికి మనలాంటి దేశాల్లో దీన్ని వాడొద్దని 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇ.ఎస్‌.ఆర్‌. అని రాసే ఇంకో నెత్తురు పరీక్ష ఉంది. అది ఒంట్లో ఏదో వాపు, ఏదో జబ్బు ఉందని మాత్రమే చెబుతుంది. టి.బి. అని చెప్పదు.

కాబట్టి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో నెత్తురు పడడం వంటివి ఉన్న మనిషి విషయంలో జవాబు తేటగా ఉంది. టి.బి. ఉందో లేదో తేల్చుకోవడానికి నెత్తురు పరీక్ష మీద రూపాయి పెట్టొద్దు. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి పోయి కళ్ళె పరీక్ష అడగాలి. అది ఉచితం. మైక్రోస్కోపుకు కూడా హద్దులున్నాయి. కళ్ళెలో పురుగులు బాగా ఉంటేనే కనపడతాయి. అందుకే సి.బి.నాట్, ట్రూనాట్ అనే యంత్రాల పరీక్షలు వచ్చాయి. ఇవి తక్కువ పురుగులున్నా పడతాయి, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు పురుగు లొంగుతుందో లేదో కూడా గంటల్లో చెబుతాయి. వీటికీ కావలసింది కళ్ళే. ఛాతీ ఎక్స్‌రే తోడుగా పనికొస్తుంది.

నెత్తురు పరీక్షలన్నీ దండగ అని అనడం లేదు. టి.బి. తేలినవాళ్ళు హెచ్‌.ఐ.వి., షుగరు పరీక్షలు తప్పక చేయించుకోవాలి, అవి నెత్తురుతోనే చేస్తారు. రోగితో ఒకే ఇంట్లో ఉంటూ ఏ లక్షణాలూ లేనివాళ్ళకు ముందుజాగ్రత్త మందులిచ్చే పద్ధతి ఉంది. ముందు జబ్బు లేదని చూసి, ఆ తర్వాత పురుగు సోకిందో లేదో తెలుసుకోవడానికి గోల్డ్ వంటి పరీక్షో, చర్మం మీద సూది పరీక్షో చెయ్యవచ్చు. ఆ పరీక్షకు చోటు అక్కడ. ఐదేళ్ళలోపు పిల్లలకు, హెచ్‌.ఐ.వి. ఉన్నవాళ్ళకు జబ్బు లేదని చూసుకున్నాక ఈ పరీక్ష లేకుండానే ఆ మందులు మొదలుపెట్టవచ్చు. మెడ గడ్డల్లో, వెన్నుపూసలో, పొట్టలో వచ్చే టి.బి.కి కళ్ళె ఒక్కటే చాలదు. గడ్డలోంచి, నీటిలోంచి నమూనా తియ్యాలి. చిన్నపిల్లలు కళ్ళె తియ్యలేరు, వాళ్ళకు వేరే పద్ధతులున్నాయి. వీటికి పెద్ద దవాఖానకు పోవలసిందే.

ఆర్‌.ఎం.పి. మీద కోపం పెట్టుకోవడం వల్ల లాభం లేదు. అర్ధరాత్రి పిలిస్తే వాడకు వచ్చేది అతనే. అతనికి కూడా ఈ మాటలు చెప్పాలి. చీటీ రాస్తే, "ఇది జబ్బును చెబుతుందా, పురుగు సోకిన సంగతి చెబుతుందా? కళ్ళె పరీక్ష ఎందుకు రాయలేదు?" అని అడగాలి.

7. అడగవలసింది ఇంకా ఉంది

కళ్ళె పరీక్షతో జబ్బు తేలుతుంది, మందులు ఉచితంగా దొరుకుతాయి. కానీ జబ్బు వచ్చిన దారి మూసుకోదు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్ళల్లోని వాళ్ళకు నెలనెలా అదనపు తిండి ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో అచ్చయింది. తిండి అందిన ఇళ్ళలో కొత్తగా టి.బి. పడ్డవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారు. ఆకలి తగ్గితే టి.బి. తగ్గుతుందని వాడకు ముందునుంచీ తెలిసిన మాటే, ఇప్పుడు లెక్కల్లో ఎక్కింది. 2018లో సర్కారు రోగికి తిండి ఖర్చు కింద నెలకు 500 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. ఆ వెయ్యి కూడా టైముకు అందేటట్టు చూసుకోవలసింది మన సంఘాలే.

దళిత ఉద్యమం నీళ్ళ కోసం కొట్లాడింది, గుడికోసం, భూమికోసం, సీటుకోసం కొట్లాడింది. దవాఖాన గడపలో జరిగే వివక్ష మీద మన రాతలు తక్కువ. 2019-21 సర్వేలో టి.బి. లక్షణాలున్నవాళ్ళలో 64 శాతం మంది అసలు వైద్యానికే పోలేదని తేలింది. అరవై ఏళ్ళ కింద తుమకూరులో సగంమందికి పైగా కదిలారు గదా, మరి ఇప్పుడేమైంది? రెండు సర్వేల లెక్కలు ఒకే తీరున తీసినవి కాకపోవచ్చు. అయినా తిప్పిపంపిన ప్రతిసారీ, దగ్గుమందు సీసా చేతిలో పెట్టిన ప్రతిసారీ, అబద్ధపు కాయితానికి డబ్బు గుంజిన ప్రతిసారీ జనం ఒక్కో అడుగు వెనక్కి వేశారని నేననుకుంటాను. వాళ్ళు మళ్ళీ ఆ గడప ఎక్కాలంటే ప్రతి ఆరోగ్యకేంద్రంలో కళ్ళె డబ్బీ ఉండాలి, దాన్ని మొహం చిట్లించకుండా అందుకునే చెయ్యి ఉండాలి. ఎట్లా దగ్గాలో రెండు నిమిషాలు కూర్చుని చెప్పే మనిషి ఉండాలి. మండలానికో వినతిపత్రంతో మొదలుపెట్టగలిగిన పనే ఇది.